పాత ఫ్లష్ ట్యాంక్ కారుతుంటే వాషర్ మార్చాలా, లోపలి సెట్టు మార్చాలా, ట్యాంకే మార్చాలా?

మాది హైదరాబాద్ నల్లకుంటలో 1994లో కట్టిన అపార్ట్‌మెంట్, రెండో ఫ్లోర్. పోయిన ఎండాకాలం బోరు తగ్గిపోయి అందరం ట్యాంకర్ల మీద బతుకుతున్నప్పుడు, అసోసియేషన్ వాళ్ళు ఫ్లాట్ ఫ్లాట్‌కీ పెట్టిన మీటర్లలో మాది అందరికంటే ఎక్కువ తిరిగింది. ఇంట్లో ఉండేది ముగ్గురమే, వాషింగ్ మెషీన్ కూడా వారానికి రెండుసార్లే. ఒక రాత్రి నిద్ర పట్టక లేస్తే బాత్రూంలోంచి సన్నగా సుయ్‌మని సౌండ్, పది నిమిషాలకి ఆగిపోయింది, మళ్ళీ కాసేపటికి మొదలు. ఎవరూ ఫ్లష్ చేయకుండానే ట్యాంక్ మళ్ళీ మళ్ళీ నిండుతోంది. ప్లంబర్ని పిలిస్తే వచ్చి మూత కూడా తీయలేదు, "ఇది పాత మోడల్ సార్, సామాను దొరకదు, కమోడ్ మొత్తం మార్చేద్దాం" అని లేబర్‌తో కలిపి 18 వేలు చెప్పాడు. నాకు మనసొప్పలేదు. మూత నేనే తీసి చూసుకున్నాను, చివరికి పోయింది చేతి వేలంత మందం కూడా లేని నల్ల రబ్బరు వాషర్.

అలాగని వాషర్ మారిస్తే అన్ని ట్యాంకులూ బాగైపోతాయని కాదు. మాకే నాలుగు నెలలకి బాల్ కాక్ (ట్యాంక్ నిండగానే వచ్చే నీళ్ళని ఆపే వాల్వ్) పోయింది, అప్పుడు లోపలి సెట్టు, అంటే బాల్ కాక్, ఫ్లష్ వాల్వ్, వాషర్లు మొత్తం మార్చాల్సి వచ్చింది. ముందే మొత్తం చేయించుకుని ఉంటే రెండోసారి పని తప్పేది. అందుకే ఇందులో ఏది ఎవరికి సరిపోతుందో, నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నా.

ఏం మార్చాలో తర్వాత, ముందు ఎక్కడ కారుతోందో చూడండి

దీనికి ప్లంబర్ అక్కర్లేదు, ఒక పెన్సిల్ చాలు. రాత్రి పడుకునే ముందు ఒకసారి ఫ్లష్ చేసి ట్యాంక్ పూర్తిగా నిండనివ్వండి, తర్వాత గోడ దగ్గర ఉన్న యాంగిల్ కాక్ (ట్యాంక్‌కి నీళ్ళు వదిలే చిన్న కుళాయి) కట్టేయండి, నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో లోపల గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. పొద్దున వరకు ఆ బాత్రూం ఎవరూ వాడకూడదు. లేచాక మూత తీసి చూడండి.

నీళ్ళు గీత దగ్గరే ఉంటే ట్యాంక్‌లో చిల్లు లేదు, వాషర్ కూడా బాగానే ఉంది, బాల్ కాక్ సరిగ్గా మూసుకోక నీళ్ళు నిండి, లోపల నిలువుగా ఉండే ఓవర్‌ఫ్లో పైపులోంచి కమోడ్‌లోకి పోతున్నాయన్నమాట. నీళ్ళు మధ్యలో ఎక్కడో దిగి ఆగిపోతే ఆ ఎత్తులోనే తప్పు ఉంది, ట్యాంక్‌కి పగులు ఉండచ్చు, పక్కనుంచి వచ్చే కనెక్షన్ దగ్గర రంధ్రం ఉండచ్చు, ఓవర్‌ఫ్లో పైపు అక్కడ చిట్లి ఉండచ్చు. మొత్తం అడుగుదాకా ఖాళీ అయినా, పొద్దునకి ఇంకా దిగుతూనే ఉన్నా, కింద ఫ్లోర్ పొడిగా ఉంటే ఫ్లష్ వాల్వ్ (ఫ్లష్ చేసినప్పుడు నీళ్ళు వదిలే అడుగు వాల్వ్) కింద రబ్బరు వాషర్ పోయినట్టే. ఖాళీ అయి ఫ్లోర్ తడిగా ఉంటే ట్యాంక్‌ని కమోడ్‌కి బిగించిన బోల్టులు, లేదా ఆ రెండిటి మధ్య ఉండే స్పాంజ్ గాస్కెట్, లేదా గోడ ట్యాంక్ అయితే కింద ఫ్లష్ పైపు నట్టు.

ఒక జాగ్రత్త. పాత యాంగిల్ కాక్‌లు ఏళ్ళ తరబడి తిప్పక జామ్ అయిపోయి ఉంటాయి, బలంగా తిప్పితే గోడలో ఉన్న తుప్పు పట్టిన ఇనప (జీఐ) పైపే విరిగే ప్రమాదం ఉంది. కదలకపోతే వదిలేసి బాత్రూం లైన్ వాల్వ్ గానీ టెర్రస్ మీద వాల్వ్ గానీ కట్టేసి ఈ టెస్ట్ చేయండి. తర్వాత పనిలో పనిగా ఆ కాక్ కూడా మార్పించండి.

ఓపిక లేనివాళ్ళు బట్టలకి వేసే నీలం నాలుగు చుక్కలు ట్యాంక్‌లో వేసి అరగంట ఫ్లష్ చేయకుండా ఆగండి, కమోడ్‌లో నీలం కనబడితే లోపల్నించి కారుతున్నట్టే. కానీ అది వాషరా, ఓవర్‌ఫ్లోనా అన్నది నీలం చెప్పదు, పెన్సిల్ గీతే చెప్తుంది.

మీ ట్యాంక్ ఏ రకం

హైదరాబాద్ పాత ఇళ్ళల్లో ఎక్కువగా మూడు రకాలు కనిపిస్తాయి. గొలుసు లాగే ఎత్తు ఇనప ట్యాంక్, గోడకి బిగించి పైపు కిందకి దిగే ప్లాస్టిక్ ట్యాంక్, కమోడ్ మీదే కూర్చునే పింగాణీ ట్యాంక్. గోడలో దాచేసిన కన్సీల్డ్ ట్యాంక్ ఉన్నవాళ్ళు ఇంకేదీ చూడకుండా ఆ కంపెనీ సర్వీస్ మనిషినే పిలవండి, బయటివాళ్ళ చెయ్యి పడితే టైల్స్ పగలగొట్టేదాకా పోతుంది.

మొదటి రెండిట్లో పాతవాటికి లోపల సైఫన్, అంటే పైకి వంపు తిరిగి కిందకి దిగే గొట్టం ఉంటుంది. చాలామందికి తెలియని సంగతి, సైఫన్ ట్యాంక్‌కి అడుగున మూసే వాషరే ఉండదు. నీళ్ళు ఆ సైఫన్ వంపు పైకి ఎక్కితేనే కిందకి దిగుతాయి. కాబట్టి అలాంటి ట్యాంక్‌లోంచి కమోడ్‌లోకి ఎప్పుడూ సన్నగా ధార పోతుంటే నూటికి తొంభై పాళ్ళు బాల్ కాకే కారణం. హ్యాండిల్ మూడు నాలుగుసార్లు కొడితేగానీ ఫ్లష్ అవ్వట్లేదంటే లోపల నీళ్ళని పైకి ఎత్తే పల్చటి పొర (డయాఫ్రం) చిరిగింది, అది లీకేజీ కాదు, వేరే పని. "వాషర్ మార్చాలి సార్" అని సైఫన్ ట్యాంక్‌కి ఎవరైనా చెప్తే ఎక్కడి వాషరో చూపించమని అడగండి.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది నీళ్ళు. మంజీరా, కృష్ణా నీళ్ళు వచ్చే ఇళ్ళల్లో రబ్బరు, ప్లాస్టిక్ సామాను చాలాకాలం వస్తుంది. బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు వాడే ఇళ్ళల్లో తెల్లగా సున్నం పేరుకుని వాల్వ్‌లు తొందరగా పోతాయి. షవర్ చిల్లులు మూసుకుపోవడం, బకెట్ అడుగున తెల్లటి పొర చూస్తున్నారంటే మీవి ఆ నీళ్ళే.

రెండోది ప్రెషర్. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. టాప్ ఫ్లోర్‌లో ఉంటే మీ ఫ్లష్ ట్యాంక్‌కి, టెర్రస్ మీది ట్యాంక్‌కి మధ్య మహా అయితే 3 మీటర్ల ఎత్తు ఉంటుంది, అంటే 0.3 బార్ ప్రెషర్. బాల్ కాక్ బదులు వచ్చే, సౌండ్ రాని కొత్త రకం సన్న ఫిల్ వాల్వ్‌ల్లో కొన్ని ఇంత తక్కువ ప్రెషర్‌లో చాలా నెమ్మదిగా నింపుతాయి, ఒక్కోసారి సరిగ్గా మూసుకోవు కూడా. అలాంటి ఇంటికి పొడుగు కాడకి గుండ్రటి బంతి ఉండే పాతకాలం ఇత్తడి బాల్ కాకే మేలు.

మూడోది కమోడ్‌కి ఎన్ని నీళ్ళు కావాలి అన్నది. పాత కమోడ్‌లు 10 లీటర్లో అంతకంటే ఎక్కువో నీళ్ళు పడితే శుభ్రమయ్యేలా తయారు చేసినవి. ఇప్పుడొచ్చే డ్యూయల్ ఫ్లష్ (చిన్న ఫ్లష్, పెద్ద ఫ్లష్ రెండూ ఉండే) ట్యాంకులు 3, 6 లీటర్లవి. పాత కమోడ్‌కి 6 లీటర్ల ట్యాంక్ పెడితే ఒకసారికి పోక రెండోసారి నొక్కాల్సి వస్తుంది, అప్పుడు పొదుపు ఎక్కడుంది.

ఇక సొంతిల్లా అద్దిల్లా, ఇంకెన్నాళ్ళు ఉంటారు, బాత్రూం రీమోడలింగ్ ఆలోచన ఉందా, ఇవి మీకే తెలుసు.

ఒక లెక్క కూడా వేసుకోండి. మా ట్యాంక్ లోపల పొడవు 35 సెంటీమీటర్లు, వెడల్పు 15, అంటే నీళ్ళు ఒక సెంటీమీటర్ దిగితే సుమారు అర లీటర్. వాషర్ లీకేజీ రాత్రి 8 గంటల్లో 10 సెంటీమీటర్లు దిగింది, రోజుకి 16 లీటర్ల లెక్కన నెలకి దగ్గర దగ్గర 470 లీటర్లు, అది కూడా యాంగిల్ కాక్ కట్టేసి ఉంటేనే. నీళ్ళు దిగేకొద్దీ బరువు తగ్గి లీకేజీ మందగిస్తుంది, అదే మామూలుగా అయితే ట్యాంక్ ఎప్పుడూ నిండుతూ ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువే పోతాయి. కానీ తర్వాత బాల్ కాక్ పోయినప్పుడు చూడాలి అసలు నష్టం. ఫ్లోట్‌ని (బాల్ కాక్ బంతిని) చేత్తో పైకెత్తి పట్టుకుని బాల్ కాక్ మూతి కింద పావు లీటరు గ్లాసు పెడితే రెండు నిమిషాల్లో నిండింది. రోజుకి 180 లీటర్లు, నెలకి 5,400 లీటర్లు. జలమండలి (హైదరాబాద్ వాటర్ బోర్డు) ట్యాంకర్ ఒకటి 5,000 లీటర్లు, దానికంటే ఎక్కువ నీళ్ళు తెలియకుండా మోరీలోకి పోతున్నాయి. 2021 జనవరిలో మొదలైన స్కీంలో ఇంటికి నెలకి 20 వేల లీటర్లు ఉచితం కదా, అందులో పావు వంతుకి పైనే.

అన్నీ ఒకచోట

ధరలు మా చుట్టుపక్కల షాపుల్లో నేను అడిగి తెలుసుకున్నవి, మోడల్‌ని బట్టి అటూ ఇటూ అవుతాయి, లేబర్ వేరు.

| ఏం చేయించాలి | సామాను ఖర్చు | పట్టే టైం | ఎప్పుడు సరైనది | ఇబ్బంది |
|---|---|---|---|---|
| రబ్బరు వాషర్ | 30 నుంచి 150 | అరగంట | నీళ్ళు ఆగకుండా దిగుతూ, ఫ్లోర్ పొడిగా ఉంటే | వాషర్ కూర్చునే సీటు మీద సున్నం ఉంటే మళ్ళీ కారుతుంది |
| బాల్ కాక్ ఒక్కటే | 200 నుంచి 600 | అరగంట | గీత దిగలేదు, ఓవర్‌ఫ్లో అవుతోంది | ప్రెషర్‌కి తగ్గది చూసుకోవాలి |
| లోపలి సెట్టు మొత్తం | 600 నుంచి 1,800 | ఒక పూట | పదేళ్ళు దాటింది, బోరు నీళ్ళు | కొలతలు తప్పితే వృథా |
| బోల్టులు, గాస్కెట్ | 150 నుంచి 400 | ఒక పూట | పింగాణీ ట్యాంక్, కింద ఫ్లోర్ తడి | ట్యాంక్ ఎత్తాలి, ఇద్దరు మనుషులు కావాలి |
| కొత్త ప్లాస్టిక్ ట్యాంక్ | 1,000 నుంచి 3,000 | ఒక పూట | ట్యాంక్ పగిలింది, గోడ ట్యాంక్ | కొత్త చిల్లులు, ఫ్లష్ పైపు సైజు |
| కమోడ్‌తో సహా | 8,000 పైన | రెండు మూడు రోజులు | కమోడ్ కూడా పగిలింది, లేదా రీమోడలింగ్ | టైల్స్, కింది ఫ్లాట్‌లోకి లీకేజీ |

వాషర్ ఒక్కటే మార్చడం

ఖర్చు లేని పని, అద్దింట్లో ఉన్నవాళ్ళకి, ట్యాంక్ ఐదారేళ్ళ లోపుదైతే, ఇదే చేయండి. కానీ వాషర్ మారిస్తే సరిపోదు, అది కూర్చునే సీటుని చూడాలి. నేను పాత వాషర్ తీసినప్పుడు వేళ్ళకి కాటుకలా నల్లగా అంటుకుంది, అంటే రబ్బరు కుళ్ళిపోయింది. సీటు అంచు చుట్టూ వేలు తిప్పితే ఒకచోట ఇసక గింజల్లా గరుకుగా తగిలింది, అది సున్నం. కొత్త వాషర్ ఆ గింజల మీద కూర్చుంటే మొదటి రోజు నుంచే కారుతుంది, మనం కొత్త వాషర్ నాసిరకం అనుకుంటాం. మగ్గు గోరువెచ్చని నీళ్ళలో రెండు స్పూన్ల నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ ముక్క తడిపి సీటు మీద అరగంట ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే అది మెత్తబడి ఊడొచ్చింది. గరుకు కాగితం మాత్రం వాడకండి, ప్లాస్టిక్ సీటు మీద గీతలు పడితే ఇక ఏ వాషరూ పట్టదు. టాయిలెట్ కడిగే యాసిడ్ ట్యాంక్‌లో అస్సలు పోయకండి, క్లోరిన్ బిళ్ళలు ట్యాంక్‌లో వేసే అలవాటు ఉంటే మానేయండి, రబ్బరుని తినేస్తాయి.

పాత వాషర్ చేతిలో పట్టుకుని షాపుకి వెళ్ళండి. ఫొటో చూపిస్తే "ఇదే సార్" అని ఏదో ఒకటి ఇచ్చేస్తారు, రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా పని చేయదు. కాలనీ షాపులో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ గానీ కోఠి దగ్గర ట్రూప్ బజార్ గానీ వెళ్ళండి, అక్కడ పాత మోడల్స్ సామాను విడిగా దొరికే అవకాశం ఎక్కువ. పారీవేర్, హింద్‌వేర్, సెరా లాంటి కంపెనీ ట్యాంక్ అయితే లోపలో మూత కిందో పేరు ఉంటుంది, అది ఫొటో తీసుకెళ్తే సగం వెతుకులాట తగ్గుతుంది.

లోపలి సెట్టు మొత్తం మార్చడం

పదేళ్ళు దాటిన ట్యాంక్, పైగా బోరు నీళ్ళు, సొంతిల్లు అయితే నా ఓటు దీనికే. కారణం చాలా సింపుల్, బాల్ కాక్, ఫ్లష్ వాల్వ్, వాషర్లు, కనెక్షన్ పైపు అన్నీ ఒకే రోజు బిగించినవి, ఒకే నీళ్ళలో నానుతున్నవి, ఒకటి పోయిందంటే మిగతావి కూడా దగ్గరకొచ్చినట్టే. ఒక్కోదానికి ప్లంబర్ని పిలిచిన ప్రతిసారీ 300, 400 ఇచ్చుకుంటూ పోతే సెట్టు ఖర్చు దాటిపోతుంది, అన్నిటికంటే ప్లంబర్ కోసం ఆదివారం అంతా ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం పెద్ద పరేషాన్.

అయితే షాపుకి వెళ్ళే ముందు కొలతలు తీసుకోకపోతే కొన్నది వాపస్ ఇవ్వడానికి మళ్ళీ తిరగాలి. అడుగున రంధ్రం ఎంత వెడల్పు, ట్యాంక్ లోపల ఎత్తు ఎంత, నీళ్ళ కనెక్షన్ కిందనుంచా పక్కనుంచా, ఫ్లష్ పక్కన హ్యాండిలా, మూత మీద బటనా, బటన్ అయితే ఆ రంధ్రం ఎంత. ఈ ఐదూ కాగితం మీద రాసుకుంటే చాలు. బిగించాక నీళ్ళు ఓవర్‌ఫ్లో పైపు అంచుకి ఒక ఇంచు కిందే ఆగేలా ఫ్లోట్ సర్దమని చెప్పండి, ఓవర్‌ఫ్లో పైపు అంచు హ్యాండిల్ రంధ్రం కంటే కిందే ఉండాలి, లేకపోతే బాల్ కాక్ పాడైన రోజు నీళ్ళు కమోడ్‌లోకి కాక బాత్రూం అంతా పారతాయి.

పింగాణీ ట్యాంక్‌కి సెట్టు మార్చాలంటే ట్యాంక్ ఎత్తాలి కాబట్టి కింద బోల్టులు, స్పాంజ్ గాస్కెట్ కూడా అదే రోజు కొత్తవి వేయించండి. తుప్పు పట్టిన ఇనప బోల్టు తిరగకపోతే హాక్సా బ్లేడుతో కోయడమే, సుత్తితో కొట్టనివ్వకండి. కొత్తవి ఇత్తడివో స్టీలువో తీసుకోండి. బిగించేటప్పుడు ఒక బోల్టు కొంచెం, రెండో బోల్టు కొంచెం, పావు తిప్పు చొప్పున మార్చి మార్చి బిగించాలి. ఒకవైపు పానా వేసి గట్టిగా లాగితే టక్‌మని సౌండ్ వస్తుంది, అంతే, ట్యాంక్ పోయింది.

ఎం-సీల్ పెట్టి నడిపించడం

ట్యాంక్ పగులుకి ఎం-సీల్ (పగుళ్ళకి పూసే ముద్ద) పెట్టడం సంగతి, పగులు నీళ్ళ మట్టానికి పైన ఉంటే పర్లేదు. కింద ఉంటే అది కొత్త ట్యాంక్ తెచ్చేదాకా నాలుగు రోజులు ఆగడానికే. పింగాణీలో వెంట్రుకంత పగులు కూడా నీళ్ళ బరువుకి పాకుతూ పోతుంది, ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు విడిపోతే 10 లీటర్లతో ఆగదు, బాల్ కాక్ తెరుచుకుని పైన ట్యాంక్ ఖాళీ అయ్యేదాకా నీళ్ళు వస్తూనే ఉంటాయి. ప్లాస్టిక్ ట్యాంక్‌ని అందరం పీవీసీ అంటాం గానీ చాలావాటిలో ఉండేది వేరే ప్లాస్టిక్, దానికి ఎం-సీల్, పైపుల సొల్యూషన్ సరిగ్గా పట్టవు, కొన్నాళ్ళకి పెచ్చులా ఊడొస్తాయి.

ట్యాంక్ మార్చడం

గోడ ట్యాంక్ అయితే ఇది భయపడాల్సిన పని కాదు. ఐఎస్ఐ మార్క్ ఉన్నది తీసుకోండి, ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంకులకి ఐఎస్ 7231 అని ఉంటుంది. పాత కమోడ్ ఉంచుతున్నారు కాబట్టి 10 లీటర్లది అడగండి. పాత ఫ్లష్ పైపు కొత్త ట్యాంక్‌కి సరిపోతుందో లేదో కొలిచి, సరిపోకపోతే పైపు కూడా కొత్తది వేయించండి, రబ్బరు ముక్క చుట్టి టెఫ్లాన్ టేపు వేసి సర్దేస్తా అంటే ఒప్పుకోవద్దు. చిల్లులు పాత చోట పడవు, గోడలో పైపు ఎటు పోతోందో చూసి వేయించుకోండి.

ఎత్తు ఇనప ట్యాంక్ ఉన్నవాళ్ళకి నా మాట ఇది. లోపల ఇనుము ఆరోగ్యంగా ఉంటే బాల్ కాక్ మార్చి వాడుకోండి, అది ఇంకా చాలా ఏళ్ళు వస్తుంది. అదే తుప్పు పెచ్చులుగా రాలుతోంటే, గోడలో దాని బ్రాకెట్లు కదులుతోంటే మాత్రం ఆలస్యం చేయకండి, అంత బరువు తలమీద పెట్టుకుని కూర్చోవడం మంచిది కాదు.

కమోడ్ మీద కూర్చునే పింగాణీ ట్యాంక్ పగిలితే కష్టం. ఆ మోడల్ ట్యాంక్ విడిగా దొరకడం అదృష్టం. దొరకకపోతే గోడకి ప్లాస్టిక్ ట్యాంక్ పెట్టి కమోడ్‌కి కలపడం కొన్నిటికే కుదురుతుంది, లేదంటే కమోడ్‌తో సహా మార్చడమే.

కమోడ్‌తో సహా

ట్యాంక్ కారుతోందని బాగున్న కమోడ్ పీకకండి. 30 ఏళ్ళ బిల్డింగ్‌లో ఫ్లోర్‌లోంచి కమోడ్ ఊడదీస్తే చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ కదులుతుంది, కింది ఫ్లాట్ వాళ్ళ సీలింగ్‌కి తేమ దిగితే ఆ గొడవ, ఆ ఖర్చు మీదే. తప్పదనుకుంటే ముందు కొలత తీసుకోండి. పైపు ఫ్లోర్‌లోకి పోతే అది ఎస్ ట్రాప్, గోడ టైల్ నుంచి ఆ పైపు మధ్య వరకు టేపు పెట్టి చూడండి, సాధారణంగా 4 ఇంచులు, 9 ఇంచులు, 12 ఇంచులు ఉంటాయి. గోడలోకి పోతే పీ ట్రాప్. ఇది చెప్పకుండా నచ్చిన కమోడ్ కొనేస్తే ఇంటికొచ్చాక కూర్చోదు.

ఎవరికి ఏది

అద్దింట్లో ఉంటే వాషర్ గానీ బాల్ కాక్ గానీ మార్చుకుని బిల్లు ఓనర్‌కి వాట్సాప్ చేయండి. అంతకు మించిన పనైతే ఆయన్ని అడగకుండా చేయించద్దు, అప్పటిదాకా యాంగిల్ కాక్ కట్టేసి బకెట్‌తో పోసుకున్నా నష్టం లేదు. ఏడాది లోపు రీమోడలింగ్ అనుకుంటున్నవాళ్ళు కూడా ఇంతే, ఎక్కువ పెట్టకండి. సొంతిల్లు, ఇంకో పదేళ్ళు ఇక్కడే అనుకుంటే సెట్టు మొత్తం.

అమ్మానాన్నలు ఒంటరిగా ఉండే ఇల్లయితే మాత్రం లీకేజీ చిన్నదైనా సెట్టు మొత్తం మార్పించి, యాంగిల్ కాక్ కూడా క్వార్టర్ టర్న్‌ది పెట్టించండి, అంటే పావు తిప్పితే కట్టేసేది. మా అమ్మకి వేళ్ళ నొప్పులు, పాత కాక్ ఆరేడు తిప్పులు తిప్పలేక రాత్రంతా నీళ్ళు పోతుంటే వింటూ పడుకునేది, మాకు చెప్తే ఆఫీస్ వదిలి వస్తామేమోనని చెప్పేది కాదు. ఇప్పుడు ఆ కాక్ ఒక్క వేలితో తిరుగుతుంది.

పని అయ్యాక ప్లంబర్ ఉండగానే నాలుగైదుసార్లు ఫ్లష్ చేసి, ప్రతి నట్టు కింద పొడి టిష్యూ పేపర్ పెట్టి చూడండి, కంటికి కనబడని చెమ్మ కూడా దాని మీద మచ్చలా తెలుస్తుంది. అదే రాత్రి పెన్సిల్ గీత టెస్ట్ మళ్ళీ ఒకసారి చేయండి. మాకు పొద్దున చూస్తే నీళ్ళు గీత మీదే ఉన్నాయి, ఆ నెల మీటర్ కూడా మిగతా ఫ్లాట్ల లెవెల్‌కి దిగింది.